చప్పుడు వినే ట్రిప్పు

పొద్దున నమాజు చదువుకోని వచ్చి, టీలో బన్ను ముంచుకోని తిన్నాక అలావుద్దీన్ సాయిబు చెత్తబుట్టను వరండాలో బోర్లించేవాడు. మదనపల్లెలో ఆ వీధికి అది అలవాటైపోయిన సంగతే. ఖాళీ పౌడరు డబ్బా, ఎండిపోయిన రీఫిల్లు, టూత్‌పేస్టు మూత, ఆగిపోయిన వాచీ, సూది తీసేసిన సిరంజి. పనికొచ్చేది కుడి పక్కకు, రానిది ఎడమ పక్కకు. మనవరాలు జోయా ఏదన్నా పారేయబోతా "దాదా, ఇది పనికొస్తుందా" అని అడిగితే తలెత్తకుండానే "ఈడ పెట్టు" అనేవాడు.

ఒకప్పుడు ఆయన నిజం బస్సులకే బాడీలు కట్టినాడు. బెంగుళూరు రోడ్డులో షెడ్డు. మోకాళ్ళు పట్టేసినాక షెడ్డు మూసేసినాడు గానీ చేతులు మాత్రం ఊరుకోలేదు. జోయా ఇంట్లోనే కూర్చోని కంపెనీ ఉద్యోగం చేస్తుంది, ఆదివారమైతే స్నేహితులు యశ్వంత్, పల్లవి వాళ్ళతో మిద్దె మీద ఒక ఆట ఆడుతుంది. విక్టోరియా రాణి కాలంలోనే ఆవిరితో నడిచే యుద్ధపు బండ్లు వచ్చుంటే ఎట్లుండేదో అని తెల్లోళ్ళు ఎవరో ఊహించి కట్టిన ఆట అది. పెద్ద బల్ల మీద అట్టతో చేసిన గుట్టలు, వంతెనలు, బొటనవేలంత సిపాయిలు. పాచికలేసి బండ్లు నడుపుతారు. జోయా ఫోన్లో బొమ్మలు చూపించింది. చక్రాల మీద పొయ్యే ఇనప ఓడ, పొగగొట్టం తగిలించుకున్న ఫిరంగి, కాళ్ళతో నడిచే బాయిలరు. సాయిబు కండ్లద్దాలు పైకి తోసుకోని చానాసేపు చూసి, "దీని తలుపు యాడ?" అన్నాడు.

"బొమ్మ గదా దాదా, తలుపు యాల?"

"తలుపు లేనిదాన్ని పెట్టె అంటారు. బండి అనరు."

పౌడరు డబ్బా రేకు కత్తిరించి, సిరంజిని బాయిలరు చేసి, రీఫిల్లును పొగగొట్టం చేసి, గుండుసూదుల తలలు తుంచి, రేకులు బిగించే రివెట్ల మాదిరి వరసగా పెట్టి ఆయన మొదటి బండి కట్టినాడు. దానికి తలుపు పెట్టినాడు. తలుపు ఉండేసరికి ఎక్కేవాళ్ళు వచ్చినారు.

మొదట వచ్చింది ఈశ్వరప్ప. బతికుండగా పుంగనూరు బస్సు తోలేవాడు. సాయంత్రం నమాజు అయినాక వచ్చి, బొటనవేలంత మనిషి, ఖాకీ చొక్కాతో బండి పక్కన నిలబడుకోనున్నాడు. కొత్త బాడీలో పెద్ద మేస్త్రీ చెప్పందే ఎవురూ కాలు పెట్టకూడదనేది ఆ పనిలో కట్టుబాటు. సాయిబు సూదిమొనతో తలుపు తెరిచి "ఎక్కప్పా" అన్నాడు. ఎక్కినాడు. విషయం తెలిసి ఈశ్వరప్ప భార్య రాజేశ్వరమ్మ వచ్చి, కిటికీలోంచి తొంగి చూసి, "గడ్డం గీసుకోలేదు సూడు" అని గొణుక్కుంటా పోయింది. ఆదివారం ఆటలో ఆ బండి వంతెన కాడ ఆగింది, గుట్ట కాడ ఆగింది, సిపాయిలు గుంపుగా కనబడిన ప్రతి చోటా ఆగింది. ఎవురన్నా ఎక్కుతారేమోనని ఈశ్వరప్ప ఆపుతాండాడని యశ్వంత్ నవ్వినాడు. జోయా ఆ పొద్దు చిత్తుగా ఓడిపోయింది. బండి బల్ల ఆ కొసకు పోయినాక తలుపు తెరుచుకుంది, ఈశ్వరప్ప దిగినాడు, మళ్ళీ ఎవురికీ కనబడలేదు. రాజేశ్వరమ్మ ఒక డబ్బా నిండా మురుకులు పంపించింది.

అప్పటినుంచి, చచ్చిపోయిన తమవాళ్ళకు బండి కట్టమని అడగను ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఎక్కువైనారు. సాయిబు అందరికీ కట్టేవాడు, తిడతా కట్టేవాడు. ఒక్కరికి మాత్రం కట్టలేదు.

ఆ ఒక్కడు ఆయన తమ్ముడు కలీం.

షెడ్డులో ఇద్దరూ కలిసి పని చేసినన్నాళ్ళు వాళ్ళకొక పద్ధతి ఉండేది. బాడీ పూర్తి కాగానే ఓనరుకు ఇచ్చేముందు బస్సును పుంగనూరు దాకా తోలుకోని పోయి తిరిగొచ్చేవాళ్ళు. అన్న డ్రైవరు సీట్లో, తమ్ముడు ఎడమ పక్క ఇంజను మూత కాడ చిన్న సీట్లో. తమ్ముడు రేకుకు చెవి ఆనించి, యాడ గలగలమంటే ఆడ చాక్‌పీసుతో గుర్తు పెట్టేవాడు. దాన్ని చప్పుడు వినే ట్రిప్పు అనేవాళ్ళు. ఆ ట్రిప్పు కాందే బస్సు బస్సు కాదు.

కలీం బడికి పోయినాడు, అక్షరాలు రాయను నేర్చినాడు. అన్న పోలేదు. బస్సు వెనక బాడీ కట్టినోళ్ళ పేరు రాసే పని అందుకే తమ్ముడిది. ఒకసారి మంచి బస్సొకటి తయారైంది, సాయిబు తన చేతులతో అంత గొప్పది కట్టింది లేదు. దండలేసినారు. సాయిబు దాని వెనకే నిలబడి రొమ్ము విరుచుకోని ఫోటో దిగినాడు. అప్పుడు టీకొట్టు మనిషి నవ్వుతా, "ఏమన్నా, తమ్ముడి కాడ కూలికి చేరినావా?" అని అడిగినాడు. వెనక రాసుండింది కలీం బాడీ బిల్డర్స్, కుప్పం అని. ఊరంతా చదివింది, ఆయన తప్ప. ఆ వారంలోనే కలీం కుప్పంలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు.

ఆ బస్సు ఏండ్ల తరబడి మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగింది. షెడ్డు ముందర పోయినప్పుడల్లా సాయిబు సుత్తి ఆపి దాని వెనక తట్టు చూసేవాడు. చూసి చూసి ఆ మొదటి మాట ఆకారం కంట్లో నాటుకోనిపోయింది. తన పేరు గాక ఆయన చదవగలిగింది ఈ లోకంలో అదొక్క మాటే.

కిందటేడు కలీం పోయినాడు. సాయిబు మట్టి వేయను కూడా పోలేదు. అప్పటినుంచి ఏ బండి తలుపు తెరిచినా దాని చక్రం కాడ కలీం వచ్చి నిలబడుకోనుండేవాడు, చెవి వెనక చాక్‌పీసు పెట్టుకోని. సాయిబు అతన్ని దాటి చూసి వెనకున్నోళ్ళను ఎక్కమనేవాడు.

ఒక మధ్యాహ్నం కలీం కూతురు ఫర్హానా కుప్పం నుంచి వచ్చింది. చెప్పులు విడిచి, కూర్చోకముందే చేతిసంచి వరండాలో కుమ్మరించింది. అన్నీ రివెట్లు.

తండ్రి పోయినాక షెడ్డు ఆమే నడుపుతాంది. స్కూలు వ్యాన్లు, నీళ్ళ ట్యాంకర్లు. కానీ పొద్దున కొట్టిన రివెట్టు పొద్దుగూకేలోగా ఊడి కిందపడతాంది. వ్యాన్లోళ్ళు ఒక్కొక్కరే వేరే షెడ్లకు పోయినారు. వాళ్ళ అబ్బా ఇంకా ఆడే ఉండాడనీ, రేకు రేకుకూ చెవి పెట్టి వింటాండాడనీ, ఆయన వింటాంటే రివెట్టు నిలబడదనీ చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఇట్లే ఉంటే షెడ్డు మూసి బట్టల ఫ్యాక్టరీకి పోవాల్సిందే.

"నా చేతికి సూది రాదు బడే అబ్బా. సుత్తే వచ్చు," అంది పెదనాయనతో.

"వాడు సాయంత్రమైతే ఈడ నిలబడుకోనుంటాడే. ఆడ కూడా యాడ ఉంటాడు?"

"పగలంతా ఆడ, సాయంత్రం ఈడ. కుప్పం బస్సు ఉండాది గదా."

సాయిబు ఒక రివెట్టు తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసినాడు. ఎవరు కొట్టిందని అడిగితే నేనే అంది. తల చుట్టూ ఇంకొంచెం కొట్టాలన్నాడు. వానికి నా బండ్లో చోటు లేదని చెప్పమని జోయాతో అన్నాడు, ఫర్హానా ఎదురుగానే ఉండంగా. ఫర్హానా లేచి చెప్పులేసుకుంది. శుక్రవారం మళ్ళీ వస్తాననీ, ఆ రివెట్లు అంతవరకూ ఈడే ఉంటాయనీ జోయాకే చెప్పి పోయింది.

మరుసటి రోజు సాయిబు చెత్తబుట్ట బోర్లించలేదు. ఆ రివెట్ల ముందే కూర్చున్నాడు. మెల్లగా వాటి తలలు కోసి చక్రాలు చేసినాడు. రేకు పెట్టె విరిచి ఇనప ఓడ మాదిరి ఒంపు తిప్పినాడు. ఎవురికోసమని ఇంట్లో ఎవురూ అడగలేదు. ఆ పనితనం వేరే ఉండింది. లైటు వెలుతురు ఆ రేకు మీద యాడా ఎగుడుదిగుడు లేకుండా జారేది.

జోయా వచ్చి చూసి, ఫోను బొమ్మతో పోల్చింది. "దాదా, ఇందులో ఒకటే సీటు. నువ్వు రెండు పెట్టినావు."

సాయిబు కండ్లద్దాలు దించి చూసినాడు. నిజమే. ఎడమ పక్క, బాయిలరు కాడ, చిన్న సీటు. ఎప్పుడు పెట్టినాడో ఆయనకే తెలీదు, చెయ్యే పెట్టేసింది. కట్టింగ్ ప్లేయరు తీసుకోని లాగబోయినాడు. అతుకు గట్టిగా పడింది, లాగితే రేకే చినుగుతుంది. ప్లేయరు పక్కన పెట్టేసినాడు.

శుక్రవారం ఫర్హానా వచ్చేసరికి బండి సిద్ధంగా ఉండింది. కలీం చక్రం కాడ నిలబడుకోనున్నాడు. సాయిబు సూదిమొనతో తలుపు తెరిచినాడు. ఎక్కమని మాత్రం అనలేదు. ఫర్హానా దుపట్టా కొస వేళ్ళకు చుట్టుకుంటా కూర్చుంది. వీధిలో బజ్జీల బండి మనిషి అరుచుకుంటా పోయినాడు.

"వెనక పేరు రాయల్ల," అన్నాడు సాయిబు కడాకు.

జోయా బ్రష్షు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. తెల్ల పెయింటులో బ్రష్షు ముంచి, ఊపిరి బిగబట్టి తనే రాసినాడు. ఆయనకొచ్చింది రెండే మాటలని ఇద్దరు ఆడపిల్లలకూ తెలుసు. తన పేరే రాసుకుంటాడనుకున్నారు. ఆయన రెండో మాట రాసినాడు. కలీం. ఒత్తుకోని రాసినందుకు సున్నా కాస్త పెద్దదైంది.

తర్వాత బండిని తిప్పి తమ్ముడికి చూపించినాడు.

"సూడు. నువ్వు రాసినదానికన్నా కుదురుగా ఉండాది." ముక్కు చీదుకోని, "ఎక్కు," అన్నాడు.

కలీం ఎక్కినాడు. డ్రైవరు సీటు దాటుకోని పోయి ఎడమ పక్క చిన్న సీట్లో కూర్చున్నాడు. చెవి రేకుకు ఆనించినాడు.

ఆ మరుసటి దినం ఫర్హానా ఫోను చేసింది. పొద్దున కొట్టిన రివెట్లన్నీ సాయంత్రానికి కూడా నిలబడుకోనున్నాయంది. వెనకాల సుత్తి చప్పుడు వినబడతానే ఉండింది. సాయిబు విని ఫోను జోయా చేతికిచ్చేసినాడు.

ఆదివారం జోయా ఆ బండిని బల్ల మీద పెట్టింది. పాచిక మంచిదే పడింది గానీ బండి కదల్లేదు. పల్లవి వేలితో నెట్టినా చక్రం తిరగలేదు.

"డ్రైవరు రాలేదు గదా," అన్నాడు యశ్వంత్, తన పాచికలు ఏరుకుంటా.

జోయా బండిని రెండు చేతులతో పట్టుకోని కిందికి దిగి దాదా ముందర పెట్టింది. సాయిబు ఖాళీగా ఉన్న ఆ సీటును చూసినాడు. చిన్నదైనా దాని తీరు ఆయన నడుముదే. ఎప్పుడూ తన కూర్చునే తీరుకే సీటు కొలతలు తీసేవాడు.

"బ్రేకు పట్టేస్తాండాది," అన్నాడు. "ఇంకా పని ఉండాది దీనికి."

అప్పటినుంచి సాయంత్రమైతే ఆకురాయి పట్టుకోని ఆ బండి ముందర కూర్చుంటాడు. ఒకనాడు బ్రేకు, ఇంకొకనాడు పొగగొట్టం, మరొకనాడు అద్దం వంకర. కలీం రేకుకు చెవి ఆనించుకోనే ఉంటాడు, చాక్‌పీసు చేతిలోకి తీసుకోడు. యాడా గలగల లేదని ఇద్దరికీ తెలుసు.

జోయాకూ తెలుసు, పని అయిపోతే ఆ ఖాళీ సీట్లో కూర్చోవాల్సింది ఎవురో కూడా తెలుసు. అందుకే ఆ పిల్ల ఇప్పుడు పనికొచ్చేవన్నీ దాచిపెట్టి తెస్తాది. విరిగిన హెయిర్ క్లిప్పు, ఛార్జరు పిన్ను, లైటరు చక్రం.

"దాదా, ఇది పనికొస్తుందా?"

"ఈడ పెట్టు."

అది కూడా యాడో ఒక చోట అతికిస్తాడు. పని అయినాక బండిని తుడిచి అరుగు మీద పెడతాడు. డ్రైవరు సీటుండే కుడి పక్క తలుపు మాత్రం మూయడు.