కాజాలక్క వేలిముద్ర

వేడినీళ్ళ గిన్నెలో రెండు చేతులూ ముంచి, కాజాలక్క గోడగడియారం వంక చూస్తూ కూర్చుంది. ఇంకో పావుగంటకు గానీ కుడిచేతి వేళ్ళు మడతపడవు. మిగిలినవాళ్ళు వచ్చేసరికి గిన్నె బోర్లించేసి, చేతులు తుడుచుకుని, కిటికీ పక్క స్టూలు మీద ఏమీ ఎరగనట్టు ఉండాలి. అందరికంటే ముందొచ్చి దుకాణం తాళం తీస్తుంది కనుక ఆమెకు పనంటే ప్రాణమని చెప్పుకునేవాళ్ళు. కాదనడానికి ఆమెకేం పట్టింది?

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ కుట్టుదుకాణంలో కోట్లకు గుండీలు పట్టే చేతికాజాలు ఆమెవే. సుద్దతో గీత, గీత వెంట కత్తెర, తెగిన అంచు చుట్టూ పట్టుదారంతో ముడి పక్కన ముడి. మిషను కాజాకు నిమిషం చాలు. కానీ చేతికాజాయే కావాలని మారాం చేసే పెద్దమనుషులు ఇంకా మిగిలారు కనుక ఆ స్టూలూ మిగిలింది. చూపుడువేలి కణుపు గోలీ అంత లేచింది. పని లేనప్పుడు ఆ చెయ్యి ఒళ్ళోని కోటు కింద దాక్కునేది.

పదకొండింటికి సర్వే అమ్మాయి వచ్చింది, అరవై దాటినవాళ్ళ ఆరోగ్యం అడగడానికి. ముందు ఇస్త్రీ పెద్దాయన దొరికాడు.

"కీళ్ళవాతం ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా, బాబాయ్?"

"ఒకచోటా తల్లీ! మోకాళ్ళు, మెడ, మోచేతులు... నీ కాగితం చాలదు, వెనక్కి తిప్పు."

"నిన్న మనవరాలితో తాడాట ఆడింది ఎవరో మరి?" అంది మిషను కుట్టే ఆవిడ.

"అది నొప్పి మర్చిపోడానికమ్మా."

బట్టల మూటలు ఎత్తాల్సి వస్తే తప్ప ఆయనకు ఏ కీలూ నొయ్యదని దుకాణమంతటికీ తెలుసు. అమ్మాయి మాత్రం శ్రద్ధగా 'ఉంది' అని రాసుకుంది.

"మీకు, పిన్నీ?" అంటూ కిటికీ పక్క స్టూలు వైపు తిరిగింది.

"లేదు."

"డాక్టరెవరూ చెప్పలేదా?"

"నేను వెళ్తేగా, ఆయన చెప్పడానికి."

అందరూ నవ్వారు. నిజానికి మూడేళ్ళుగా ఆమె ఆసుపత్రి వీధి మొగదలకైనా వెళ్ళలేదు. వెళ్తే దానికో పేరు పెడతారు. పేరంటూ పెట్టాక అది ఇంట్లో మనిషైపోయి, ఇక కదలదని ఆమె భయం.

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

సూదిని మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ ఇరికించి పట్టడం ఆరునెలలు కష్టపడి నేర్చుకుంది. పెన్ను పట్టడానికి అలాంటి ఉపాయమేదీ సాధన చెయ్యలేదు. పెన్ను జారి బల్లమీద దొర్లింది. మళ్ళీ తీసింది, మళ్ళీ దొర్లింది.

"వేలిముద్ర వేస్తానమ్మా. నాకు చదువు రాదు."

మిషను ఆగిపోయింది. రోజూ భోజనాల వేళ పేపరు పైకి చదివి, అందులో తప్పులు కూడా పట్టే మనిషి! ఇస్త్రీ పెద్దాయన నోరు తెరిచి, ఏం తోచిందో, మూసేశాడు. ఆమె బొటనవేలిని సిరాలో అద్ది, కాగితం మీద మెల్లగా నొక్కింది.

అమ్మాయి వెళ్ళాక మాస్టారు దగ్గరకొచ్చాడు. దుకాణం అతనిదే అయినా, చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆమే.

"అక్కా, ఆ పొడుగు కోటు ఒక్కటీ నువ్వు చూడు. మిగతా నాలుగూ మిషనుకి పంపిస్తాలే. తొందరేం లేదు."

"తొందర పెట్టమని నేనేమైనా మొత్తుకున్నానా?"

"లేదక్కా."

"మరి?"

అతను టేపు అందుకున్నాడు. అప్పటికే కొలిచిన బట్టను మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు. ఆమె పొడుగు కోటు ఒళ్ళోకి లాక్కుంది. సాయంత్రం అందరూ లేస్తుంటే, "మీరు పదండి, ఇది చూసి తాళం వేస్తా" అంది.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి తలుపు మూసే ఉంది. పనివాళ్ళు మెట్లమీద నిలబడ్డారు. తాళంచెవి పక్క కొట్లో ఇచ్చి, ఇక రానని చెప్పమందట.

లోపల కొక్కేనికి పొడుగు కోటు వేలాడుతోంది. ఐదు కాజాలు, ఒక్క ముడీ పక్కకు పోలేదు. ఆరోది ఉండాల్సిన చోట కత్తెర పడని బట్ట మీద, అంగుళం పొడవున, తిన్నగా, తెల్లటి సుద్దగీత.