చిట్యాలలో తిరగని గానుగ

జ్వరంతో దవాఖానకు పోయి వచ్చినప్పటి నుంచి బిక్షమ్మ ఇడ్లీ వద్దంది, జావ వద్దంది, ఆఖరికి మొగుడి మీద అలగడం కూడా మానేసింది. జానయ్యకు భయం పట్టుకున్నది ఆ మూడోదానికే. నిన్న మాత్రం నోరు తెరిచి, "పల్లి చెక్క తినాలనున్నదయ్యా, బెల్లంతోని. నూనె దీసినంక గానుగ కాడ వేడివేడిగ ఇస్తుండె సూడు, గది" అంది.

రామన్నపేట పక్కన వాళ్ల ఊళ్లో గానుగ ఎప్పుడో పోయింది. చిట్యాల రోడ్డు మీద మాత్రం కొత్త దుకాణానికి ఎద్దంత అక్షరాలతో బోర్డుంది: 'చెక్క గానుగ నూనె. అప్పటి రుచి.' అప్పటి రుచి అంటే అప్పటి పద్ధతే కదా అనుకున్నాడు జానయ్య. ఎవరి గింజలు వాళ్లే తీసుకుపోవాలి, ఆడించేదాకా కూచోవాలి. ఇంట్లో ఒలిచిన పల్లీలు సంచికెత్తి బస్సెక్కాడు.

దుకాణం నడుమ గానుగ ఉంది. వార్నిష్ పూసి, రంగుదీపాలు చుట్టి, పెండ్లిపిల్లను చేశారు దాన్ని. జానయ్య సంచి దించి గోడవారగా కూచున్నాడు. కౌంటర్ దగ్గరి పిల్ల వర్షిత వచ్చింది.

"ఏం గావాలె తాతా?"

"నా వంతు ఎప్పుడొస్తది బిడ్డా? పల్లీలు తెచ్చిన. నూనె నువ్వే ఉంచుకో, చెక్క ఇయ్యి."

వర్షిత నవ్వబోయి ఆగింది. "గిది తిరగది తాతా. ఫొటోలకు పెట్టిన్రు. నూనె పట్నం నుంచి డబ్బాలల్ల వస్తది."

"మరి గానుగ అని రాసిన్రు?"

"గిప్పుడు గట్లనే అంటరు. మిషన్ల వట్టినా గానుగ నూనెనే."

"చూసే చెక్క ఉన్నది, తినే చెక్క లేదన్నట్టు!"

ఇద్దరూ నవ్వారు. జానయ్య నవ్వు అంతలోనే పిప్పి అయింది. ఎద్దు పోతే పోనీ. గానుగ అనే ఆ మాటలో కొత్త పెండ్లికూతురు బిక్షమ్మ ఉండె. బరువు కోసం గానుగాయన ఇద్దరినీ ఎద్దు లాగే మాను మీద కూచోబెట్టి తిప్పుతుంటే, కండ్లు తిరిగి ఈయన భుజం పట్టుకునేది. ఆమెను దింపేసి ఒట్టి మాటను బోర్డెక్కించారు.

"జర మాను మీద కూసుందునా బిడ్డా?"

"అందరు కూసుంటరు. ఫొటో దియ్యాల్నా తాతా?"

"వద్దు."

ఒక కొసకు ఒదిగి కూచున్నాడు. అది కదలలేదు.

పొద్దుగూకేసరికి ఇల్లు చేరాడు. మంచం మీంచే అడిగింది బిక్షమ్మ, "తెచ్చినవా?"

"లేదే. గానుగ ఉన్నది గని తిరుగుత లేదు."

"మాను మీద కూసున్నవా?"

"కూసున్న."

"నా జాగ?"

"ఇడిశిపెట్టిన."

"ఎంత?"

"నువ్వు లావున్నప్పటంత."

"నేనెన్నడు లావుంటినయ్యా?" బిక్షమ్మ మూతి తిప్పి అటు మళ్లింది.

అలిగింది! జానయ్యకు ప్రాణం లేచొచ్చింది. సంచి విప్పి, రెండు గింజలు పొట్టు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అటు తిరిగే నోట్లో వేసుకుంది. కండ్లు మూసుకుని, నూనె దిగేదాకా ఆడించినట్టు చానాసేపు నమిలింది. జానయ్య ఇంకో రెండు పట్టుకుని, వంతు కోసం కూచున్నట్టు కూచున్నాడు.