దీపం లోపల వకుళ

మా హాలు పైకప్పుకు వేలాడుతున్న దీపపు బుట్టలో కూర్చుని నా భార్య వకుళ ఆ బుట్టనే అల్లుతోంది. కూల్‌డ్రింకు సీసాలను పట్టీలుగా కోసి, వెదురు బద్దల పద్ధతిలో ఒకదాని కిందినుంచి ఒకటి దూరుస్తోంది. బుట్ట మూతి ఇప్పటికే ఆమె తలకంటే చిన్నది.

"ముందు బయటికి రా," అంటాను.

"ఇప్పుడు లేస్తే అంచు వంకర పోతుందండీ."

అల్లిక నేర్పిన సన్యాసమ్మ గడపలో నిలబడి తల పైకెత్తి చూస్తుంది. "పెద్ద బుట్ట లోన కూకునే అల్లాల, మాస్టారూ. మూతి మూసీముందే లెగిసొచ్చీమని సెప్పేను. ఆవిడేటి, నవ్వుతాది!"

వకుళ నిజంగానే నవ్వుతోంది. నవ్వు మాత్రం పక్కవీధిలోంచి వినిపిస్తోంది.

కత్తెర తెచ్చి ఒక పట్టీ కోస్తాను. వంటగది కిటికీ ఊడి పడుతుంది. మరొకటి కోస్తాను. వీధిలో కుక్క అరుపు సగంలో తెగిపోతుంది. రెండు పరిశీలనలతో కార్యకారణ సంబంధం నిర్ధారణ కాదని భౌతికశాస్త్ర తరగతుల్లో ఏళ్ల తరబడి చెప్పాను. అయినా మూడో పట్టీకి కత్తెర ఆనించలేకపోతున్నాను. వకుళ ఊపిరి ఏ పట్టీతో కలిసి ఉందో నాకు తెలియదు.

మూతి మూసుకుంటుంది.

"ఎలుతురు సందుల్లోంచే గదా వస్తాది," అంటుంది సన్యాసమ్మ. "ఆయమ్మనీ అలాగే రమ్మనండి."

"ద్రవ్యరాశి ఉన్న శరీరం అలా రాదమ్మా."

"వాదన తరవాత. స్విచ్చి వేయండి, ఊపిరాడటం లేదు," అంటుంది లోపలినుంచి వకుళ.

వేస్తాను. బల్బు వెలగగానే బుట్ట ఖాళీ అవుతుంది. నాలుగు గోడల మీదా వకుళ వెలుగు పలకలుగా పడుతుంది: ఒకదాంట్లో చెవి, ఒకదాంట్లో చీర కుచ్చిళ్లు, చాలావాటిలో ఏమీ లేదు.

"త్వరగా పోగుచేయండి. కరెంటు పోయే వేళ," అంటుంది చెవి పక్కనున్న ముక్క.

సన్యాసమ్మా నేనూ దుప్పటిని చెరోవైపు పట్టుకుని గోడల వెంట నడుస్తాం. ముక్కలు వెచ్చగా జారి అందులో పడుతున్నాయి. భుజాలు వచ్చాయి. ముఖం ఇంకా అలమార వెనక ఉంది. అలమార జరుపుతుండగా కరెంటు పోతుంది.

దుప్పటి తేలికవుతుంది. గోడల మీద వెలుగు పడిన చోటల్లా ఇప్పుడు రంధ్రాలు. ప్రతి రంధ్రంలోంచీ వకుళ వేలు ఒకటి బయటికి వచ్చి తడుముతోంది. ఒక వేలు నా మణికట్టును పట్టుకుని, వంగుతుందో లేదో చూసి, పక్క రంధ్రంలోని వేలికి అందిస్తుంది. నేను పట్టీలా సన్నగా సాగుతూ తలుపు చట్రం కిందినుంచి, సన్యాసమ్మ మీదినుంచి, మళ్లీ కిటికీ కిందినుంచి వెళ్తున్నాను.

"బిగుసుకోకండి," అంటుంది వకుళ, గోడల నిండా. "అంచు దాకా సరిపోతారు."