చివరి పేరు కింద గీత

అక్క పోయిన నాలుగో రోజు పొద్దున్నే ఆమె పనికి వచ్చి కూర్చుంది. పత్రికాఫీసులో మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల. పదకొండేళ్లుగా మరణ ప్రకటనల పేజీ కట్టేది ఆమే. అక్క ప్రకటన తాము కడతామని పక్కవాళ్లు అన్నారు గానీ, "నా పేజీయే కదా, నేనే కడతాను" అంది. నాలుగు రోజులుగా ఆమెకు ఏదీ తగలడం లేదు. టీ వేడిగా ఉందో చల్లారిందో గొంతు దిగాక కూడా తెలియడం లేదు.

ఆ పేజీలో ఆమె చేత్తో గీతలు గీయదు. కంప్యూటర్లో పేరాకే గీతలు తగిలించి ఒక స్టైల్ చేసిపెట్టుకుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు, పేరా పైన లావు నల్లగీత, కింద సన్నగీత వచ్చి కూర్చుంటాయి. మాటలు జరిగితే గీతలూ వాటి వెంట జరుగుతాయి. పై గీత కాలమ్ నిండా ఉంటుంది. కింది గీత మాత్రం చివరి వరుసలో మాటలు ఎంతవరకు ఉంటే అంతవరకే. ఈ కొస నుంచి ఆ కొసకి లాగితే గోడ కట్టినట్టుంటుందని అలా పెట్టింది.

బావ రాసి పంపిన కాగితంలో పెద్దకూతురు చిట్టి పేరు లేదు. మర్చిపోయాడనుకుని చివర్న తనే చేర్చి, ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించింది.

"ఆ చివరిది ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు బావ.

"మర్చిపోయారేమో అనుకున్నా బావా."

"నేనేం మర్చిపోలేదు. తీసెయ్. నలుగురిలో నన్ను నిలబెట్టి అంత మాట అన్నాక అది నాకు కూతురేంటి?"

అంత మాటంటే, మొన్న చుట్టాలందరి ముందూ చిట్టి అడిగింది. "ఆర్నెల్ల కిందటే ఆస్పత్రికి తీసుకెళ్లమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను నాన్నా. గ్యాసేలే అన్నావు. మీరంతా తలలూపారు." ఆ 'అంతా'లో చిట్టికి పిన్ని అయిన ఆమె కూడా ఉంది. అక్క నొప్పి సంగతి అందరికంటే ముందు చెప్పింది ఈ చెల్లెలికే, ఈమె వంటింట్లోనే. ఆమె కూరలు తరుగుతూ, "చూద్దాంలే అక్కా" అంది.

"సరే బావా" అని ఫోన్ పెట్టేసి పేరు తీసేసింది.

చివరి వరుసలో చిన్నకూతురి మూడక్షరాల పేరు ఒక్కటే మిగిలింది. కింది గీత చటుక్కున ముడుచుకుపోయి దాని కింద బొటనవేలంత అయింది.

ప్రూఫులు దిద్దే ఆయన వచ్చి వెనకాల నిలబడ్డాడు. కామా తప్పిపోతే తన పిల్లే తప్పిపోయినట్టు వెతుకుతాడని ఆయన్ని అందరూ కామాగారంటారు.

"ఏంటమ్మా, గీత నీరసపడి మధ్యలో కూలబడింది? కాలమ్ వెడల్పు పెట్టెయ్. ఎవరికీ తెలీదు."

నిజమే. ఒక్క నొక్కు. నొక్కింది. గీత ఆ కొసకి పోయింది. దాని మీద, మూడక్షరాల పక్కన, అంత మేరా తెల్లగా ఖాళీ. ఎవరికీ తెలీదు. ఆమె అది చూస్తూ కూర్చుంది.

ఫోన్లో చిట్టి మెసేజ్ వచ్చింది. "పిన్నీ, నా పేరు ఉందా?"

ఆమె గీతని మళ్లీ పాత పద్ధతికి మార్చింది. గీత బొటనవేలంత అయింది. అప్పుడు చిట్టి పూర్తి పేరు అక్షరం తర్వాత అక్షరం కొట్టింది. ఒక్కో అక్షరానికీ గీత కొంచెం కొంచెం సాగింది. పేజీ అచ్చుకి పంపి, బావకి ఫోన్ చేసింది.

"చిట్టి పేరు ఉంచాను బావా. పేజీ వెళ్లిపోయింది."

"నీకెవరిచ్చారమ్మా ఆ పెత్తనం?"

"అక్క ముందు నాకే చెప్పింది బావా. చూద్దాంలే అన్నాను. మీ గడప తొక్కొద్దంటే తొక్కను."

బావ ఫోన్ పెట్టేశాడు.

"ఉంది. చివర్న" అని చిట్టికి రాసింది.

"చివరైనా పర్లేదు పిన్నీ."

ఏడుపు వస్తుందేమోనని ఆమె కొంచెంసేపు చూసింది. రాలేదు. తర్వాతి ప్రకటన తెరిచింది. ఎవరో పెద్దాయన, పదకొండుమంది మనవలు. స్టైల్ నొక్కి, చివరి వరుసలో పేర్లన్నీ ఉన్నాయో లేదో కాగితంతో ఒకటికి రెండుసార్లు సరిచూసింది.