కృష్ణమ్మ నేర్పిన స్పానిష్

నేను కన్నడం నేర్చుకున్న కొత్తలో అగళి ఎద్దులు నా మాటకు మురిసిపోయి, యజమానిని వదిలి నా వెంట పెనుకొండ దాకా నడిచి వచ్చాయి. నమ్మనివాళ్లు ఆ ఎద్దులనే అడగవచ్చు.

ఈ మాటకు ఎప్పుడూ విరగబడి నవ్వే నా మనవరాలు వైష్ణవి ఆరోజు నవ్వలేదు. పిల్ల నిజంగానే భయపడుతోందని అప్పుడు తెలిసింది.

ధర్మవరంలో పట్టు దుకాణం నడిపే శివకృష్ణ దగ్గర స్పెయిన్‌లో ఉండే ఒకావిడ కండువాలు కొంటుంది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నెల తర్వాత ఆమెతో ఫోన్లో పది నిమిషాలు స్పానిష్ మాట్లాడితే ఉద్యోగం వైష్ణవిదే అన్నాడతను. వైష్ణవి నోటుబుక్కు నిండా మాటలు రాసుకుంది. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం నోరు పెగలదు.

"నాతో మాట్లాడు," అన్నాను.

"నీకేమొచ్చు తాతా?"

"ఏమీ రాకపోవడమే మేలు. నీ తప్పులు నాకు తెలియవు గదా."

మరుసటి పొద్దున విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. 'కోమో ఎస్తాస్' అంటే ఎలా ఉన్నావని. బాగున్నానని చెప్పడానికి 'బియేన్' అనాలి. వైష్ణవి నాతో పదిసార్లు వల్లె వేయించి, ఎలా ఉన్నావని అడిగింది. నేను గొంతు సవరించుకుని గట్టిగా అన్నాను:

"చెన్నాగిద్దీని."

ఇద్దరం బిత్తరపోయాం. అది కన్నడం! నీళ్లు కావాలా అని స్పానిష్‌లో అడిగితే, వద్దనడానికి మళ్లీ కన్నడంలోనే "బేడ" అన్నాను. నా బుర్రలో పరాయి భాషకు ఉన్నది ఒకటే గది. అందులో కృష్ణమ్మ ఏనాడో కాపురం పెట్టేసింది.

కృష్ణమ్మ నా భార్య. కన్నడం మాట్లాడే సరిహద్దు ఊరు అగళి పిల్ల. కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు తెలుగు రాదు. ఇలాగే శనక్కాయలు ఒలుస్తూ నాకు కన్నడం నేర్పింది. సరిగ్గా చెబితే నా నోట్లో ఒక గింజ పెట్టేది, తప్పు చెబితే తానే తినేసేది. ఆ ఏడు నేను గాలికి ఎగిరిపోయేంత బక్కచిక్కితే, ఊరివాళ్లు నా నడుముకు తాడు కట్టి పట్టుకున్నారు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు లేరు. అది నాలో ఇంకా మిగిలి ఉందని నాకే తెలియదు.

"అవ్వ మాట్లాడినట్లే ఉండాది తాతా. ఇంకొకటి చెప్పు," అంది వైష్ణవి.

"ముందు గింజ పెట్టు."

ఆనాటి నుంచి అదే మా పద్ధతి. ఆమె స్పానిష్‌లో అడిగేది, నేను తప్పి కన్నడంలో బదులు చెప్పేవాణ్ణి, గింజలన్నీ ఆమె తినేసేది. నన్ను చూసి నవ్వీ నవ్వీ ఆమె నోరు వదులైంది.

గడువు రోజున ఇద్దరం రైలెక్కి ధర్మవరం పోయాం.

"ఏం పెద్దాయనా, నువ్వు గూడా వస్తివే!" అన్నాడు శివకృష్ణ.

"గురువు లేకుండా పరీక్ష యాడైనా ఉంటాదా అబ్బా?"

ఫోన్ మోగింది. మొదటి నాలుగు నిమిషాలు వైష్ణవి బాగానే మాట్లాడింది. తర్వాత ఆవిడ ఏదో గబగబా అడిగింది. వైష్ణవి ముఖం పాలిపోయింది. శివకృష్ణ గోడ గడియారం వైపు చూశాడు.

నేను జేబులోంచి శనక్కాయ తీసి, టప్పున చిదిపి, ఒక గింజను ఆమె ముందు పెట్టాను.

"ఏమప్పా, పట్టు మీద పొట్టు పోస్తాండావు!" అని గొణిగాడు శివకృష్ణ.

వైష్ణవి గింజను చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే, ఇప్పుడే నేర్చుకుంటున్నాను, కాస్త నిదానంగా చెప్పండమ్మా అని స్పానిష్‌లో అడిగేసింది. అవతల ఆవిడా నవ్వి, చిన్నపిల్లకు చెప్పినట్లు నిదానంగా మళ్లీ అడిగింది. పది నిమిషాలు అనుకున్నది పద్దెనిమిదయింది.

"సోమవారం నుంచి వచ్చేయమ్మా," అన్నాడు శివకృష్ణ, పొట్టు ఏరుకుంటూ.

బయటికొచ్చాక వైష్ణవి ఆ గింజను నా నోట్లో పెట్టింది.

"సాకా?" అని అడిగింది, అచ్చం వాళ్లవ్వలా.

ఇక చాలా అని దానర్థం. నేను ఎప్పుడు నేర్పానో గుర్తు లేదు.

"సాలదు," అన్నాను.