స్టేషన్ ఉన్న భీమిలి

నా భార్య తాయారు పోయిన ఇరవయ్యో రోజున బడికి వెళ్లాను. ఇంకో వారం ఆగమని హెడ్మాస్టరు ఈశ్వరరావుగారు అన్నారు. మా రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలోని ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నానని చెప్పలేదు. పాఠాలు మిగిలిపోయాయన్నాను.

ఏడో తరగతి భూగోళంలో ఆ రోజు తీరపట్టణాలు. ఏటా నేను చెప్పే ఉదాహరణ భీమునిపట్నం. తాయారు పుట్టిన ఊరు. ఈసారి ఆ ఊరి సంగతి నా నోటితో చెప్పగలనా అని పొద్దుటినుంచీ భయంగానే ఉంది. ఇవాళ చెప్పలేకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనేమో అనిపించింది.

డచ్చివారు వర్తకానికి వచ్చి అక్కడ కోట కట్టుకున్నారనీ, వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయనీ చెప్పాను. 1861లో మునిసిపాలిటీ అయిందన్నాను. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడేనన్నాను. ఆ మాట దగ్గర ఆగి, సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను.

నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో పనిచేసే ఏలియా కూతురు సూసన్న లేచింది.

"అక్కడ నీళ్లు ఓ పక్క తియ్యగా, ఓ పక్క ఉప్పగా ఉంటాయంటండి. అమ్మగారు సెప్పినారు."

సాయంత్రాలు లెక్కలకు మా ఇంటికి వచ్చే పిల్లల్ని, నేను వచ్చేదాకా తాయారు వరండాలో కూర్చోబెట్టేది. ఏం చెబుతుండేదో నేనెప్పుడూ అడగలేదు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. పావురాలకొండ ఎక్కితే పడవలు చీమల్లా కనిపిస్తాయట. చిన్నప్పుడు తాయారు సమాధుల తోట గోడెక్కి చింతకాయలు తింటూ తండ్రికి దొరికిపోయిందట. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు.

సూసన్న సంచిలోంచి ఒక పటం తీసింది. అందరూ కలిసి వరండాలో గీసినదట. సముద్రం, దీపస్తంభం ఉన్నాయి. వాటికంటే పెద్దగా నడుమ ఒక స్టేషన్, రెండు ప్లాట్‌ఫారాలు, పైవంతెన. మా రైల్వే పిల్లలు ఏ ఊరు గీసినా ముందు ప్లాట్‌ఫారం గీస్తారు.

"భీమిలికి రైలు లేదమ్మా," అన్నాను.

"అమ్మగారూ అదే అన్నారండి," అన్నాడు నూకరాజు. "రైలు లేకపోతే అదేటి ఊరండి అని మేమే ఏసేసినాం. ఆవిడ నవ్వి, సరే, మీ మాస్టార్ని గేటుకాడ టిక్కెట్లు సూడ్డానికి ఎట్టీయండి అన్నారు."

పిల్లలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇరవై రోజుల్లో అదే మొదటిసారి.

"మరి మీరు ఏ దారిన ఎల్లినారండి?" సూసన్న అడిగింది.

వాల్తేరులో దిగి బస్సెక్కామని మొదలుపెట్టాను. పెళ్లైన కొత్తలో ఇద్దరం వెళ్లిన ఆ ప్రయాణమంతా చెప్పాను. కిటికీ పక్కన తనే కూర్చుని, సముద్రం కనబడగానే నా మోచెయ్యి పట్టుకుని ఊపిందన్నాను. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. తర్వాతి పీరియడు సుందర్ రాజు మాస్టారిది. ఆయన గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లారు.

ఆయన నాకు వదిలిన ఆ పీరియడులో పాఠం పూర్తి చేశాను.