పసుపు కుంకుమ బుట్ట

ఒకప్పుడు జగ్గయ్యపేటలో పెళ్ళి సారె బుట్టలంటే స్వరాజ్యం చేతివే. మామూలు వెదురు బుట్టకి ఎర్ర కాగితం చుట్టి, జరీ అంచు కుట్టి, అద్దంబిళ్ళలు అతికించిందంటే, లోపల పెట్టిన లడ్డూల్ని వదిలేసి జనం బుట్టనే చూసేవాళ్ళు. తొంభై మూడులో చిల్లకల్లు దగ్గర ఆమె భర్తని లారీ గుద్దేసింది. ఆ రోజు నుంచీ శుభకార్యపు వస్తువేదీ ఆమె ముట్టుకోకూడదని అత్తగారు దుర్గాంబ శాసనం.

తొంభై ఏడు వేసవిలో స్వరాజ్యం కూతురు ఉషశ్రీకే పెళ్ళి కుదిరింది. నందిగామ సంబంధం.

"అమ్మా, నా సారె బుట్టలు నువ్వే చెయ్యాలి. బజార్లో కొన్నవి నేను తీసుకెళ్ళనంతే!" అంది ఉషశ్రీ, తల్లి మెడ చుట్టూ చేతులేసి.

ఆ ఒక్క మాటకి స్వరాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. బజారు బుట్టలు పెడితే వియ్యాలవారి ముందు పరువు పోతుంది, కోడలి చెయ్యి పడితే శుభం పోతుంది. దుర్గాంబ ఆలోచించి దానికీ ఒక దారి కనిపెట్టింది. ఆవిడ బుర్రే బుర్ర!

"పిల్లల చేత చేయించు. పసిపిల్లల చేతికి దోషం లేదు. నువ్వు గడప ఇవతల కూర్చుని నోటితో చెప్పు. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి తియ్యకు."

వసారాలో చాప మీద ఆరుగురు పిల్లలు, మధ్యలో ఏడు బుట్టలు, గిన్నెడు మైదా జిగురు. గడప లోపల స్వరాజ్యం.

"ఎరుపు పక్కన పచ్చది పెట్టు నాన్నా. కొంచెం పైకి. ఊహూ, అంత కాదు. ఆఁ, అక్కడ నొక్కు."

పిల్లలు అద్దాలు వంకరగా పెడుతుంటే ఒళ్ళో ఆమె వేళ్ళు వాటంతటవే కదిలేవి. ఒక చేత్తో రెండోదాన్ని గట్టిగా పట్టుకునేది, పాపం.

అన్నిట్లోకీ ముఖ్యమైంది పసుపు కుంకుమ బుట్ట. పెళ్ళికూతురు దాన్ని స్వయంగా తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టాలి. అది మరిది కూతురు సంయుక్త వంతు. ఆరేళ్ళ పిల్ల, నాలిక బయటపెట్టి మరీ మూడు రోజులు అతికించింది. ఎంత ముద్దుగా వచ్చిందో!

పెళ్ళికి ముందు రోజు పొద్దున పసుపూ కుంకుమా నింపాక, పెద్దమ్మకి దగ్గర్నుంచి చూపిద్దామని సంయుక్త బుట్ట ఎత్తుకుని పరిగెత్తింది. చాప అంచు కాలికి తగిలింది. బుట్ట గడప మీదికి ఒరిగింది. కుంకుమ ఒలికితే ఎంత అపశకునం! స్వరాజ్యం చేతులు ఠక్కున లేచి దాన్ని పట్టేసుకున్నాయి. చిటికెడు కూడా కింద పడలేదు.

ఎవరూ చూడలేదు. బుట్ట దించి చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. పిల్లతో "ఎవరికీ చెప్పకే" అనడానికి మాత్రం నోరు రాలేదు.

మధ్యాహ్నం చుట్టాల ముందు దుర్గాంబ మురిసిపోతోంది. "ఇది మా సంయుక్త చేసిందే!"

"పడిపోబోయింది నాయనమ్మా! పెద్దమ్మే పట్టేసుకుంది. లేకపోతే అంతా ఒలికిపోయేది," అంది ఆ పిచ్చితల్లి గొప్పగా.

దుర్గాంబ చూపు గడప లోపలికి, కోడలి మీదికి పోయింది.

"కుంకుమ ఒలికిపోతుందని పట్టుకున్నానత్తయ్యా," అంది స్వరాజ్యం.

"ఒలికితే ఒలికేది. ఎత్తుకునేవాళ్ళం. నీ చెయ్యి పడ్డాక ఇంకేం ఎత్తుకుంటాం?" దుర్గాంబ ఉషశ్రీ వైపు తిరిగింది. "రేపు కాపరానికి పోయేది నువ్వు. నువ్వే చెప్పవే. మీ అమ్మ ముట్టుకున్న పసుపు కుంకుమ పట్టుకెళ్తావా?"

స్వరాజ్యం కూతురి మొహంలోకి ఆశగా చూసింది. ఇది నా పిల్ల, ఇప్పుడు అంటుంది, ఆ మాటే మళ్ళీ అంటుంది అనుకుంది.

ఉషశ్రీ బుట్ట వంక చూసింది. బొట్టు లేని తల్లి నుదుటి వంక చూసింది.

"ఇంకోటి చేయించు నాయనమ్మా. నాకు భయంగా ఉంది," అంది. ఆగి, "అమ్మ ఏమీ అనుకోదులే," అని కూడా అంది.

కుంకుమ పెంటకుప్ప మీద పారబోశారు. అద్దాలతో సహా బుట్టని పేడ ఎత్తడానికి బర్రెల కొట్టంలో పడేశారు. గంటలో కొత్త బుట్ట వచ్చింది. దాన్ని ముస్తాబు చెయ్యడం ఆ ఇంట్లో ఇంకెవరికి వచ్చు?

"కూర్చోమ్మా స్వరాజ్యం. పిల్లలకి చెప్పు. టైము లేదు," అంది దుర్గాంబ.

స్వరాజ్యం గడప లోపల కూర్చుంది. చేతులు చీరకొంగులో చుట్టి ముడి వేసుకుంది.

"ముందు ఎర్ర కాగితం తల్లీ," అంది.

బుట్ట ఎత్తుకుని పరిగెత్తినందుకు ఇందాక నాయనమ్మ కొట్టిన దెబ్బకి సంయుక్త చెంప ఇంకా కందే ఉంది. జిగురు రాస్తూ రాస్తూ తలెత్తింది.

"పెద్దమ్మా, ఈసారి పడిపోతుంటే వదిలెయ్యాలా?"

"వదిలెయ్యాలమ్మా," అంది స్వరాజ్యం.